సింహగిరి నీడలో గోష్ఠిగానము

కలియుగమున నామసంకీర్తనమే తరణోపాయమని పెద్దలు బోధించినారు. ధ్యానమునకు ఏకాంతము కావలెను. సంకీర్తనమునకు గోష్ఠి అందము. ఒకరు పాడగా పదుగురు అందుకొని పాడుట ‘వంత’. భజన గోష్ఠికి ప్రాణము ఈ వంతయే. దీని చరిత్ర నెరుగగోరువారికి విశాఖపట్టణ ప్రాంతము మంచి పాఠశాల.

కాకతీయుల కాలమున కృష్ణమాచార్యులు సింహాచలమున శ్రీ వరాహలక్ష్మీనరసింహస్వామికి సింహగిరి వచనములను నివేదించెను. ఆయన నాలుగు లక్షల వచనములు పలికెనని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. నేడు లభించునవి స్వల్పమే. ఛందోబంధము లేని ఆ తెలుగు వచనము పండితునకును పామరునకును సమానముగా నోటికి వచ్చును. తాళ్ళపాక అన్నమాచార్యుల (1408-1503) సంకీర్తనములలో ప్రతి చరణము పిమ్మట పల్లవి మరలివచ్చును. చరణము రానివాడును పల్లవి నందుకొనవచ్చును.

ఈ సూత్రమునే మన ఉత్తరాంధ్ర యాదవులు తప్పెటగుళ్ళలో నిలుపుకొన్నారు. రొమ్మున రేకు తప్పెటలు కట్టుకొని, చేతులతో వాయించుచు, గురువు పాడగా తక్కినవారు అడుగు కలిపి వంతపాడుదురు. శాస్త్రసంగీతము నేర్వని గొంతులును అందు ఇమిడిపోవును.

1933లో ఓడరేవు ప్రారంభమైనది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగి, 1992లో అది జాతికి అంకితమైనది. బ్రతుకుతెరువునకై నలుదెసలనుండి జనులు ఈ నగరము చేరిరి. ఒకరి యూరి పాట మరియొకరికి తెలియదు. స్వామి నామము మాత్రము అందరికిని తెలిసినదే. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు తొలిపావంచాకడ కొబ్బరికాయ కొట్టి, సుమారు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణమునకు బయలుదేరు భక్తులలో ఈ ఐక్యము కన్నులకు కట్టును. అలసిన పాదమును తోడివారి వంత ముందుకు నడుపును.

అయితే ధ్వనివర్ధకములు వచ్చిన పిమ్మట ఒక చిక్కు కలిగినది. సుకంఠము గలవా రొక రిద్దరు పాడుచుండ, తక్కినవారు చేతులు జోడించి వినుచున్నారు. అది కచేరి యగును గాని గోష్ఠి కాదు. “నా గొంతు బాగుండదు” అని వెనుకకు జరిగినవాడు కొన్నాళ్ళకు భజనకే రాకుండును. నష్టము అతనికి మాత్రమే కాదు, గోష్ఠికిని.

2009 మే 10వ తేదీన సికిందరాబాదు పరేడ్ మైదానమున లక్షమందికి పైగా ఏకకంఠముతో అన్నమయ్య సంకీర్తనములు పాడిరి. ఎంచుకొన్నవి ఏడు మాత్రమే. కొలదిపాటి కీర్తనములను అందరును నేర్చుకొనుటయే మార్గమని దీనివలన తెలియుచున్నది.

కావున గోష్ఠిని నడుపు పెద్దలు తమ గొంతునకు గాక, బాలురకును వృద్ధులకును అందునట్లు శ్రుతి నుంచవలెను. ప్రతి పాదమును నిదానముగా పలికి, వంత పూర్తియగువరకు ఆగవలెను. క్రొత్తగా వచ్చినవాని చేతికి తాళములిచ్చి ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను. స్వామి కోరునది కంఠమాధుర్యము కాదు, కలిసిన హృదయములు. సింహాద్రినాథుని అనుగ్రహమున ప్రతి వాడలోను వంత నిలుచుగాక!