పతకాన్ని తోమకు నాన్నా

యానాం

చిన్నబాబూ,

నీ ఉత్తరం అందింది. లియాన్ పాతసామాన్ల సంతలో ప్రాణాలు కాపాడినవారికిచ్చే వెండి పతకం దొరికిందనీ, నల్లబడింది కాబట్టి తోమి తళతళలాడిస్తాననీ రాశావు. ఆ ముక్క చదివాక నాకు రాత్రంతా కునుకు పట్టలేదు. ఈ ఉత్తరం చేరేలోగా తోమెయ్యకురా.

నీ వయసులో నేనూ పారిస్‌లో జీతం దాచుకుని, సెంత్వాన్ పాతసామాన్ల సంతలో అలాంటిదే ఒక వెర్మెయ్ పతకం కొన్నాను. వెర్మెయ్ అంటే వెండి మీద బంగారు పూత. ఈ పతకాలకు ఫ్రెంచి ప్రభుత్వం 1901 డిక్రీతో పెట్టిన తరగతుల్లో దాని పైన బంగారు పతకం ఒక్కటే ఉంది. మీ నాయనమ్మ చెంబులు తోమినట్టు, ఊరి నుంచి తెచ్చుకున్న చింతపండులో ఉప్పు కలిపి ప్రతి ఆదివారం తోమేవాణ్ని. ఏడాది తిరిగేసరికి పూత పోయింది, వెనక చెక్కిన పేరూ అరిగిపోయింది. నీళ్లలోంచి ఎవరినో గట్టెక్కించిన మనిషిని నేను మళ్లీ ముంచేశాను.

అన్నట్టు, దగ్గు తగ్గిందా? మీ పెద్దమ్మ అల్లిన మఫ్లరు పెట్టెలోనే పెట్టుకోకు, మెడకు చుట్టుకో.

పతకం అంచును మరీ జాగ్రత్తగా చూసుకో. పారిస్ టంకశాల ముద్ర ఉండేది అక్కడే. 1845 నుంచి 1860 దాకా చూపుడువేలు చాచిన చెయ్యి, తర్వాత 1879 దాకా తేనెటీగ, 1880 నుంచి పండ్లూ పూలూ పొంగే కొమ్ము. ఆ కొమ్ము ముద్ర రాకముందే ఏలిన రాజు లూయీ ఫిలిప్ కాలం నాటిదని అమ్మేదాని అంచున ఆ కొమ్ము కనిపిస్తే, అది తర్వాత అచ్చువేసిందే. తోమితే ఆ సాక్ష్యం కూడా చెరిగిపోతుంది. రబ్బరు బ్యాండు చుట్టకు, వెండి ఇంకా నల్లబడుతుంది. మూడు రంగుల రిబ్బన్ ఎంత వెలిసినా మార్చకు. డిప్లొమా కాగితం ఉంటే పతకం నుంచి విడదీయకు.

ఇవి సేనాపతుల పతకాలు కావు నాన్నా. 1897 మే 4న పారిస్‌లో బజార్ ద లా షారితే అనే ధర్మార్థపు సంత తగలబడినప్పుడు, పక్క హోటల్ వంటవాడు కిటికీ ఊచలు విరగ్గొట్టి ఆడవాళ్లను బయటికి లాగాడు. ఇలాంటి వంటవాళ్లూ, పడవవాళ్లూ, రైలు కూలీలూ ఈ పతకాలు అందుకున్నారు. మన గోదావరి వరదల్లో జనాన్ని గట్టు చేర్చిన పడవవాళ్లను చిన్నప్పుడు ఎందరినో చూశాను. వాళ్లలో ఒక్కరి పేరూ ఏ లోహం మీదా చెక్కలేదు. అందుకే చెక్కి ఉన్న పేరు అరిగిపోతుంటే నా ప్రాణం గిలగిల్లాడుతుంది.

నువ్వు చిన్నప్పటి నుంచీ మెత్తని మనసువాడివి. ఈ సరదా నీకు తగినదే, నేను వద్దనను. డబ్బు తక్కువైతే మొహమాటపడకుండా రాయి. మెరుపు చూసి మాత్రం కొనకు, పేరు చూసి కొను. పేరూ, ఊరూ, ఏడాదీ దొరికితే ఆ ఊరున్న డిపార్ట్‌మెంట్, అంటే అక్కడి జిల్లా, ఆర్కైవ్స్‌కు వెళ్లి అడుగు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పే కాగితాలు అక్కడ దొరకొచ్చు.

పతకాన్ని మెత్తని గుడ్డలో చుట్టి పక్కన పెట్టు. దాని వెనకున్న పేరు ఒక్క అక్షరం పోకుండా రాసి నాకు పంపు. ఎదురుచూస్తుంటాను.

నీ పెదనాన్న