మతభేద సంభాషణమునందు సత్యవర్తనము

అన్యమతస్థులతో సంభాషించునపుడు మనలో బలువురు రెండు దోషములకు లోనగుచుందురు. కొందఱు వివాదభయముచేత "అన్ని మతములు నొక్కటియే" యని పలికి, తమ మనస్సునందలి భేదమును దాచుదురు. మఱికొందఱు ఎదుటివాని మతమును వికృతముగ వర్ణించి, తాము కల్పించిన బొమ్మను దామే పడగొట్టి, జయించితిమని సంతసింతురు. మొదటిది మర్యాదవలెను, రెండవది శౌర్యమువలెను గానవచ్చును, రెండును నసత్యములే.

ఈ విషయమున రాజా రామమోహన రాయలవారి చరిత్రము మనకు బోధకము. వారు 1820వ సంవత్సరమున క్రీస్తుయొక్క నీతివాక్యములను సువార్తలనుండి యేర్చి కలకత్తాలో బ్రకటించిరి. అద్భుతకథలను విడిచిరి, ఏల విడిచిరో పీఠికయందే చెప్పిరి. శ్రీరామపురపు మిషనరీ యగు మార్ష్‌మన్ దొరగారు దానిని ఖండింపగా, రాయలవారు 1820, 1821, 1823 సంవత్సరములలో మూడు ప్రత్యుత్తర గ్రంథములను వ్రాసిరి. క్రీస్తు బోధలయందు దమకు గల గౌరవమును దాచలేదు. త్రిత్వసిద్ధాంతము దమకు సమ్మతము కాదనుటయు దాచలేదు. క్రైస్తవ గ్రంథములను మూలభాషలలో బరిశీలించుటకై హీబ్రూ, గ్రీకు భాషల నభ్యసించిరి. మొదటి రెంటిని ముద్రించిన బాప్టిస్టు మిషను ముద్రాలయము మూడవదానిని నిరాకరింపగా, వేఱు ముద్రాలయమును నెలకొల్పి దానిని బ్రకటించిరి.

ఇట్టి సంభాషణము నిష్కపటమైనచో, ఎవరి విశ్వాసము చలించునో ముందుగ జెప్ప నలవికాదు. ఆడం, యేట్సు అను మిషనరీలిరువురు రాయలవారితో గూడి సువార్తలను వంగభాషలోనికి దర్జుమా చేయుచుండిరి. యోహాను సువార్తారంభమున సమస్తమును వాక్యము "చేత" గలిగెనా, వాక్యము "ద్వారా" గలిగెనా యని యొక చిన్న గ్రీకుపదమునుగూర్చి చర్చ పుట్టెను. "చేత" యన్నచో వాక్యమే కర్త. "ద్వారా" యన్నచో గర్త వేఱొకడు, వాక్యము సాధనము మాత్రమే. యేట్సు ఆ పనినుండి విరమించెను. ఆడం 1821లో త్రిత్వవిశ్వాసమును వీడి, యేకేశ్వరవాది యయ్యెను. స్వజనుల పరిహాసమునకు బాత్రుడయ్యెను.

మార్ష్‌మన్ దొరగారు మాత్రము తమ విశ్వాసమును వీడలేదు. వారును దమ యుత్తరములను బహిరంగముగనే ప్రకటించిరి గనుక వారిని నిందింప బనిలేదు.

కావున విజ్ఞులారా! అన్యుని మతమును జెప్పునపుడు "ఔను, నా మతమిదియే" యని యాతడంగీకరించునట్లు చెప్పవలయును. పిమ్మట మన భేదమును, దానికి గారణమును స్పష్టముగ దెలుపవలయును. అతని మాటలో సత్యము గనబడినచో దానిని గ్రహించుటకు సిద్ధముగ నుండవలయును. సంభాషణాంతమున నభిప్రాయములు గలియకున్నను దోషము లేదు. కలిసినట్లు నటించుటయే దోషము.