కంప్యూటర్‌లో రేసు కారు: మేము గీసిన లోటస్ 49



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని వార్డెన్ సార్ అడిగినప్పుడు కవిత రాద్దామా, జ్ఞాపకాలు రాద్దామా అని ఆలోచించాము. జ్ఞాపకాలు ప్రతి సంవత్సరమూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు (ఉప్మా గురించి కొత్తగా చెప్పడానికి ఇక ఏమీ మిగలలేదు). అందుకని మేము ముగ్గురం పోయిన వేసవి సెలవుల్లో మొదలుపెట్టి ఆరు నెలలు తల బద్దలు కొట్టుకున్న ఒక పనిని పాఠంలాగా రాస్తున్నాము. అదే కంప్యూటర్‌లో రేసు కారు నమూనా గీయడం.

సరదా అని చెబుతున్నాము కానీ, మొదలుపెట్టిన కారణం అంత సరదా కాదు. మేము ముగ్గురం పదో తరగతి వరకు ఈ హాస్టల్‌లోనే ఉండి, తర్వాత పాలిటెక్నిక్‌లో మెకానికల్ చేరాము. మొదటి సంవత్సరం ఫలితాల్లో మాలో ఒకడు ఇంజనీరింగ్ డ్రాయింగ్ తప్పాడు. తెలివి లేక కాదు. తెలుగు మీడియం నుంచి వెళ్లినవాడికి ఫ్రంట్ వ్యూ, టాప్ వ్యూ, సైడ్ వ్యూ అంటే బోర్డు మీద గీతలు కనిపించాయే తప్ప, ఆ గీతల వెనక ఉన్న వస్తువు కనిపించలేదు. పైగా మినీ డ్రాఫ్టర్ పక్కవాడు ఇచ్చినప్పుడే దొరికేది. వాళ్ల నాన్నగారు తాపీ మేస్త్రి. "చదివింది చాలు, నాతో పనికి రా" అన్నారు. సప్లిమెంటరీకి మూడు నెలలు గడువుంది. అప్పుడే వస్తువును చేతిలో తిప్పి చూసినట్టు చూపించే సాఫ్ట్‌వేర్ ఉందని మాకు తెలిసింది.

దాని పేరు ఫ్రీక్యాడ్. క్యాడ్ అంటే కంప్యూటర్ సాయంతో డిజైన్ చేయడం. ఇది ఉచితం. దొంగ కాపీ అక్కరలేదు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. దీని 1.0 వెర్షన్ 2024 నవంబరులో వచ్చింది. మా పాత కంప్యూటర్‌లో నెమ్మదిగానైనా నడిచింది. బొమ్మలు వేసే పెయింట్ ప్రోగ్రాంకూ దీనికీ తేడా ఏమిటంటే, పెయింట్‌లో గీత అంటే రంగు మాత్రమే. క్యాడ్‌లో గీతకు పొడవు ఉంటుంది, పక్క గీతతో కోణం ఉంటుంది, ఆ సంబంధాన్ని అది గుర్తుపెట్టుకుంటుంది.

ఏ కారు గీయాలని మూడు రోజులు వాదించుకున్నాము. ఇప్పటి ఫార్ములా వన్ కారు రెక్కలతో, మడతలతో మా వల్ల అయ్యేది కాదు. చివరకు 1967 నాటి లోటస్ 49 ఎంచుకున్నాము. చుట్టలాంటి పొడవాటి శరీరం, బయటకు నాలుగు చక్రాలు, వెనక బయటే కనిపించే ఇంజను. రెక్కలు ఈ కారుకు 1968లో గానీ రాలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి కారు లేదని మా అభిప్రాయం.

ఇక కొలతలు. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు ఉన్న దూరాన్ని వీల్‌బేస్ అంటారు. ఈ కారుకు అది 2413 మి.మీ. ముందు చక్రాల మధ్య వెడల్పు 1524 మి.మీ. మేము 20వ వంతు నమూనా అనుకున్నాము కాబట్టి 20తో భాగిస్తే 120.65, 76.2 వస్తాయి. మిగతా కొలతలు ఎక్కడ దొరుకుతాయి? ఇక్కడ ఆరో తరగతి నిష్పత్తులే పనికొచ్చాయి. కారును పక్కనుంచి తీసిన ఫోటో ఒకటి ఏ4 కాగితం మీద ప్రింటు తీయించి స్కేలు పెట్టాము. వీల్‌బేస్ 160 మి.మీ. వచ్చింది. 2413ని 160తో భాగిస్తే 15.08. అంటే కాగితం మీద ఒక మిల్లీమీటరు, కారు మీద 15.08 మిల్లీమీటర్లు. ముందు టైరు కాగితం మీద 41 ఉంటే అసలు టైరు దాదాపు 618, మా నమూనాలో దాదాపు 31. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఫోటో దూరం నుంచి, సరిగ్గా పక్కనుంచి తీసినదై ఉండాలి. దగ్గర నుంచి తీసిన ఫోటోలో దగ్గరున్న చక్రం పెద్దదిగా కనిపిస్తుంది. మా మొదటి ఫోటో అలాంటిదే. ఒక వారం పని వృథా అయింది.

కొలతలన్నీ ఫ్రీక్యాడ్‌లోనే ఉన్న స్ప్రెడ్‌షీట్‌లో రాసుకోండి. ఈ మాట ఎవరూ ముందుగా చెప్పరు, అందుకే మేము చెబుతున్నాము. స్కేలు అనే గడిలో 20 వేసి, మిగతా అంకెలన్నీ దానితో భాగించినట్టు సూత్రం రాస్తే, రేపు 24వ వంతు కావాలనుకున్నప్పుడు ఆ ఒక్క గడి మారిస్తే కారు మొత్తం మారుతుంది.

గీయడం చక్రంతో మొదలుపెట్టండి. సగం చక్రం అడ్డుకోత ఎలా ఉంటుందో ఆ ఆకారాన్ని స్కెచ్‌గా గీసి, ఇరుసు గీత చుట్టూ తిప్పమంటే చక్రం తయారవుతుంది. ఈ ఆజ్ఞ పేరు రెవల్యూషన్. కుమ్మరి సారె మీద కుండ లేచినట్టే ఉంటుంది. స్కెచ్‌లో ప్రతి గీతకూ కొలతో నిబంధనో ఇస్తూ పోతే, ఇక ఏ గీతా కదలడానికి వీల్లేనప్పుడు మొత్తం పచ్చరంగుకు మారుతుంది. పచ్చబడేవరకు ముందుకు పోవద్దు. మేము తొందరపడి పోయాము. తర్వాత టైరు వెడల్పు మారిస్తే రిమ్ము ఎగిరిపోయి ఇంకెక్కడో కూర్చుంది.

శరీరానికి లాఫ్ట్ అనే ఆజ్ఞ వాడాలి. గూడు బండి చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. వెదురు బద్దలను వంచి వరుసగా నిలబెట్టి పైన చాప కప్పినట్టు, ముక్కు నుంచి డ్రైవరు వీపు వరకు కొన్నిచోట్ల అడ్డుకోతలు గీసి నిలబెడితే, సాఫ్ట్‌వేర్ వాటిమీద తొడుగు వేస్తుంది. మేము అయిదు అడ్డుకోతలు పెట్టాము. మొదటిసారి కారు శరీరం తడి బట్టను పిండినట్టు మెలి తిరిగింది. కారణం వెతకడానికి రెండు రాత్రులు పట్టింది. ఒక అడ్డుకోతలో ఆరు గీతలు, పక్కదానిలో ఎనిమిది ఉన్నాయి. అన్నిటిలోనూ గీతల సంఖ్య సమానంగా ఉంటేనే ఏ మూలను ఏ మూలకు కలపాలో దానికి తెలుస్తుంది.

ఇంజను దగ్గర మాత్రం తీరిగ్గా ఆగాలి, ఎందుకంటే ఈ కారు గొప్పతనమంతా అక్కడే ఉంది. దీన్ని రూపొందించినవారు కోలిన్ చాప్‌మన్, మారిస్ ఫిలిప్. ఇంజను పేరు కాస్‌వర్త్ డి.ఎఫ్.వి., మూడు లీటర్లు, వి ఆకారంలో 8 సిలిండర్లు. దాన్ని రూపొందించినది కీత్ డక్‌వర్త్, లక్ష పౌండ్లు పెట్టినది ఫోర్డ్ కంపెనీ. సాధారణంగా కారుకు ఒక చట్రం ఉండి, అందులో ఇంజను కూర్చుంటుంది. ఇందులో డ్రైవరు వీపు వెనక శరీరం ఆగిపోతుంది. అక్కడ ఇంజనును నేరుగా బోల్టులతో బిగించారు. వెనక చక్రాల బరువు ఇంజను, గేరుబాక్సుల మీదుగానే ముందుకు వస్తుంది. ఇంట్లో బీరువా తీసేసినా ఇల్లు నిలబడుతుంది, స్తంభం తీస్తే నిలబడదు. లోటస్ 49లో ఇంజను స్తంభం. ఇలా చేసిన మొదటి కారు ఇదే కాదు, కానీ తర్వాతివాళ్లు అనుసరించినది దీన్నే. 1967 జూన్ 4న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో దిగిన మొదటి పోటీలోనే జిమ్ క్లార్క్ దీనితో గెలిచాడు. ఆ ఇంజను 1983 వరకు మొత్తం 155 ఫార్ములా వన్ పోటీలు గెలిచింది.

ఇవన్నీ చదివితే మాకు ఎక్కలేదు. తెర మీద ఇంజను భాగాన్ని దాచి చూసినప్పుడు కారు రెండు ముక్కలుగా గాలిలో తేలింది. అప్పుడు అర్థమైంది.

ఇంజనులో గాలి పీల్చే గొట్టాలు ఎనిమిది. ఒకటి గీసి, వరుసగా నాలుగు చేయించి, అద్దంలో ప్రతిబింబంలాగా రెండోవైపు తిప్పుకోవచ్చు. పొగ గొట్టాలకు ఈ సుఖం సగమే. ఒక్కోవైపు నాలుగు గొట్టాలు నాలుగు రకాలుగా వంగి ఒకటిగా కలుస్తాయి. వాటికే రెండు వారాలు పట్టింది, ఇప్పటికీ మాకు నచ్చలేదు.

త్రీడీ ప్రింటు సంగతి క్లుప్తంగా చెబుతాము. ముగ్గురం చందాలు వేసుకుని ఫైలు ప్రింటింగు షాపుకు పంపాము. అక్కడి అన్న ఫోన్ చేసి "తమ్ముడూ, మీ కారు 5 మీటర్లు చూపిస్తోంది, నా మిషను ఒక అడుగే" అన్నాడు. ఎస్.టి.ఎల్. ఫైలులో అంకెలు ఉంటాయి గానీ అవి మిల్లీమీటర్లా అంగుళాలా అని ఉండదు. మేము చెప్పలేదు, అక్కడ అంగుళాలుగా తెరుచుకుంది. ఇంకొకటి, 3 మి.మీ. ఇరుసుకు 3 మి.మీ. రంధ్రం పెడితే దూరదు. మాకు 3.3 సరిపోయింది. అలాగే అసలు కారులో 20 మి.మీ. ఉండే కడ్డీ మన నమూనాలో ఒక మిల్లీమీటరు అవుతుంది, చేత్తో ముట్టుకుంటే విరుగుతుంది. అలాంటివి లెక్క తప్పినా సరే లావు చేయాలి.

డ్రాయింగ్ తప్పిన మావాడి పని వేరు. కారు గీయడంలో వాడు మాకంటే వెనకే ఉండేవాడు. కానీ ప్రతి భాగం పూర్తయ్యాక దాన్ని ముందు కాగితం మీద మూడు వ్యూలూ చేత్తో గీసి, తర్వాత ఫ్రీక్యాడ్‌లోని టెక్‌డ్రాలో ఫస్ట్ యాంగిల్ పెట్టి వేయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునేవాడు. మన డిప్లొమాలో నేర్పేది ఫస్ట్ యాంగిల్, అంటే టాప్ వ్యూ కిందికి వస్తుంది. మొదట్లో పది తప్పులుండేవి. గేరుబాక్సు దగ్గరికి వచ్చేసరికి ఒకటో రెండో. సప్లిమెంటరీలో 61 మార్కులు వచ్చాయి. వాళ్ల నాన్నగారు ఆ కాగితాలు తిరగేసి చూసి, "ఇల్లు ప్లాను కూడా ఇట్లాగే గీస్తారా?" అని అడిగారట. పనికి రమ్మనడం మాత్రం ఇంకా పూర్తిగా మానలేదు, ఆదివారాలు వెళుతున్నాడు.

కారు ఫైలును హాస్టల్ కంప్యూటర్‌లో పెట్టాము, స్టడీ అవర్ అయిపోయాక తెరిచి చూడండి. ముందు సస్పెన్షన్ ఇంకా గీయలేదు. అడ్డుకోతల పేర్లు తెలుగులోనే పెట్టాము, నాలుగోదాన్ని మాత్రం కదిలించకండి, కదిలిస్తే మళ్లీ మెలి తిరుగుతుంది.