మెడలో గడ్డ – తక్కువ గడువు

మెడలో గడ్డ కనపడితే మన ఊళ్ళలో "ఎప్పటినుంచో ఉన్నదే, ఏం చెయ్యదులే" అంటారు. చాలాసార్లు అది నిజమే. థైరాయిడ్ గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. క్యాన్సర్ అయినా, తరచుగా వచ్చే పాపిల్లరీ రకం మెల్లగా పెరిగి చికిత్సకు లొంగుతుంది. కాని అనాప్లాస్టిక్ రకం వేరు. నేను డాక్టరును కాను, రైతు ఇంట పుట్టిన బి.యస్సీ. విద్యార్థిని. చదివి అర్థం చేసుకున్నంతలో నాలుగు మాటలు రాస్తున్నాను.

థైరాయిడ్ క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటి రెండే. ఎక్కువగా 60 ఏళ్ళు దాటినవారికి వస్తుంది. కనుగొన్న రోజే దీన్ని నాలుగవ దశగా లెక్కిస్తారు. పాత లెక్కల్లో సగం మంది రోగులు సుమారు అయిదు నెలలకు మించి బతకలేదు. అంటే వరి నారు పోసిన నాటి నుంచి కోత దాకా పట్టేంత కాలం!

గుర్తుపట్టడం ఎలా? ఏళ్ళ తరబడి కదలని గడ్డ వారాల్లోనే పెరుగుతుంది, రాయిలా గట్టిపడుతుంది. గొంతు బొంగురుపోతుంది, ముద్ద దిగదు, ఆయాసం వస్తుంది. రక్తంలో థైరాయిడ్ హార్మోన్లు సరిగా ఉన్నాయని ధైర్యపడరాదు. ఈ జబ్బులో అవి మామూలుగానే ఉండవచ్చు. స్కానింగ్ తీసి, సూదితో కణాలను, అది చాలకపోతే చిన్న ముక్కను తీసి పరీక్షించాలి. ఎందుకంటే లింఫోమా కూడా ఇలాగే పెరుగుతుంది గాని, అది మందులకు బాగా లొంగుతుంది.

పాపిల్లరీ రకానికి వాడే రేడియో అయోడిన్ ఇక్కడ పనిచెయ్యదు. ఆకు పీల్చుకుంటేనే గదా కలుపుమందు పనిచేసేది! ఈ కణాలు అయోడిన్ పీల్చుకునే గుణాన్నే పోగొట్టుకుంటాయి. గడ్డ తీయడానికి వీలుంటే ఆపరేషన్ చేసి, తర్వాత రేడియేషన్, కీమోథెరపీ ఇస్తారు. ఊపిరి ఆడకపోతే గొంతు కింద శ్వాసనాళానికి దారి చేస్తారు.

ఆశ కలిగించే సంగతి ఒకటుంది. సుమారు నూటికి నలభై మందిలో బి-రాఫ్ అనే జన్యువు మారి ఉంటుంది. స్టార్టర్ ఇరుక్కుపోయిన మోటారులాగా కణం ఆగకుండా విభజన చెందుతుంది. ఆ సంకేతాన్ని రెండు చోట్ల ఆపే డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ మందులను కలిపి వాడేందుకు 2018లో అమెరికా అనుమతించింది. 36 మంది రోగులపై జరిపిన పరిశీలనలో సగానికి పైగా రోగులకు గడ్డ బాగా తగ్గింది. అందరికీ పూర్తిగా నయమవుతుందని కాదు; కొన్నాళ్ళకు కణాలు ఆ మందులకూ అలవాటు పడవచ్చు. అయినా నెలల ఆయుష్షు పెరగడం చిన్న విషయమా? అందుకే ముక్క పరీక్షతోపాటే జన్యుపరీక్ష కూడా వెంటనే జరగాలి.

మన రైతు కుటుంబాల్లో జబ్బును వాయిదా వెయ్యడం అలవాటు. "కోతలు కానీ, డబ్బు చేతికి రానీ" అంటారు. ఈ గడ్డ కోతలదాకా ఆగదు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళ మెడలో గడ్డ త్వరగా పెరుగుతున్నట్టు కనిపిస్తే, ఆ వారంలోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. చదువుకున్న బిడ్డలుగా మనం చెయ్యగలిగింది అదే.