రఫ్ ఓకే కాకుండా రంగు వేయొద్దు

విద్యానగర్, చిక్కడపల్లి ప్రాంతంలో ఉంటూ బొమ్మలు వేసి బతికేవాళ్లకి పని ముఖ్యంగా రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల స్టడీ మెటీరియల్. రెండోది, మామూలుగా డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే బుక్ ఫెయిర్‌కి హడావుడిగా తయారయ్యే పుస్తకాల కవర్లు. ఎటునుంచి వచ్చినా రాతపూర్వకంగా బ్రీఫ్ దొరకడం అరుదు. "మంచి కవర్ ఒకటి కావాలండీ, అర్జెంట్" అని ఫోన్ వస్తుంది, అంతే. కాబట్టి బ్రీఫ్ రాయడం కూడా మన పనే.

ఫోన్ పెట్టేయగానే ఓ మెసేజ్ పంపండి. సైజు, ఎన్ని రంగులు, ఆఫ్‌సెట్టా జిరాక్సా, రఫ్ ఎప్పుడు, ఫైనల్ ఎప్పుడు, ఎన్ని కరెక్షన్లు, రేటు, అడ్వాన్స్ అన్నీ అందులో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆఖరి మాట ఎవరిది అన్నది. పబ్లిషర్ ఓకే అన్న బొమ్మ రచయిత ఇంటికెళ్లి తిరిగొచ్చేసరికి కొత్త బొమ్మ అడుగుతారు. ఆ ఒక్క పేరు ముందే రాయించుకుంటే సగం గొడవలు ఉండవు.

ఒక కథల పుస్తకం కవర్ తీసుకుందాం. డెమ్మీ సైజు, అంటే 5.5 × 8.5 అంగుళాలు. 70 జీఎస్ఎం కాగితం, 200 పేజీలు అన్నారు. అంటే 100 కాగితాలు. ఒక్కోటి దాదాపు 0.1 మిల్లీమీటరు లెక్కన స్పైన్ సుమారు 10 మిల్లీమీటర్లు. చివర్లో ఇంకో రెండు ముందుమాటలు, ఒక కథ చేరి 240 పేజీలైతే స్పైన్ 12 అవుతుంది. ముందు అట్ట, వెనక అట్ట కలిపి ఒకే బొమ్మ వేసినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. మనిషి ముఖం మడతలో పడుతుంది. అందుకే ముఖ్యమైన బొమ్మని స్పైన్‌కి దూరంగా ఉంచండి, బ్యాక్‌గ్రౌండ్ వేరే లేయర్‌లో పెట్టండి, నాలుగు పక్కలా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ వదలండి. టైటిల్ని రఫ్‌లోనే టైప్ చేసి చూడండి. పైన గుడులు, కింద ఒత్తులు పోను మిగిలే జాగా మనం అనుకున్నదానికన్నా ఎప్పుడూ తక్కువే.

రఫ్‌లు పోస్టుకార్డు సైజులో మూడు చాలు. మీకు నచ్చనిది మాత్రం పంపొద్దు, ఓకే అయ్యేది అదే. ఫోన్లో చెప్పిన ఓకే లెక్కలోకి రాదు, మెసేజ్‌లో రావాలి. అది వచ్చాకే రంగు.

కోచింగ్ మెటీరియల్‌ది వేరే తలనొప్పి. అది జిరాక్స్ మీద జిరాక్స్ అవుతుంది. లేత బూడిద షేడ్లు మూడో కాపీకే మాయమవుతాయి. షేడ్ల బదులు గీతలు, చుక్కలు వాడండి. మ్యాపుల విషయంలో మరీ జాగ్రత్త. తెలంగాణలో 2014లో 10 జిల్లాలు, 2016లో 31, 2019 నుంచి 33. పాత ఫైల్ మీద గీసేస్తే ములుగు, నారాయణపేట ఉండవు, ఆ తప్పు క్లాసులో విద్యార్థే పట్టుకుంటాడు. దేశ సరిహద్దులు సర్వే ఆఫ్ ఇండియా మ్యాప్‌తో సరిపోవాలి. సరిపోని మ్యాప్ ప్రచురిస్తే 1961 నాటి చట్టం కింద ఆరు నెలల దాకా జైలు శిక్ష పడొచ్చు.

ఇక డబ్బు. రఫ్ ఓకే కాగానే సగం, ప్రింట్ ఫైల్ ఇచ్చేముందు మిగతా సగం అడగండి. అప్పటిదాకా చిన్న రిజల్యూషన్ ఫైలే పంపండి. "పుస్తకాలు అమ్ముడయ్యాక చూద్దాం" అన్నవాళ్లకి 300 డీపీఐ ఫైల్ ఇస్తే ఆ డబ్బు మర్చిపోవచ్చు. హక్కుల సంగతి కూడా మొదటి మెసేజ్‌లోనే రాయాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కి వేరే ఒప్పందం లేకపోతే వేయించుకున్నవారే మొదటి హక్కుదారు. "ఈ ఎడిషన్‌కి మాత్రమే, యాప్‌లో వాడితే వేరే రేటు" అన్న ఒక్క లైన్ తర్వాత అడిగితే రాదు.

డిసెంబర్ రెండో వారంలో "రేపటికి కావాలి" అని ఫోన్ వస్తే రఫ్‌కి టైమ్ ఉందా అని మొదట అడగండి. లేదంటే అక్షరాలతో మాత్రమే కవర్ చేసిస్తానని చెప్పండి. దానికీ ఒప్పుకోకపోతే ఆ పని వదిలేయండి. రఫ్ చూడకుండా తొందరపెట్టిన క్లయింటే ఫైనల్ చూశాక ఇది కాదంటాడు.