అడవిలో బసకు అడ్వాన్సు చెల్లించుటకు ముందు

వర్షములు వెనుకబట్టి, వాగులలో నీరు తేటపడి, మారేడుమిల్లి ఘాటులో తెల్లవారుజామున మంచు దిగు కార్తిక మార్గశిర మాసములలో, కుటుంబసమేతముగా పోయి ఏదేని నదీతీరమందో చెరువు గట్టునందో కొయ్యతో కట్టిన కాటేజీలో రెండు రాత్రులు గడపి రావలెనను కోరిక నేడు మన పట్టణవాసులలో మిక్కిలి సామాన్యమైనది. కోరిక మంచిదే, లక్నవరము ద్వీపములలోని కుటీరములలో గాని, వలమూరు కడ వనసంరక్షణ సమితివారు నడుపు విడిదిలో గాని ఒక రాత్రి నిద్రించిన పిల్లలు అడవిని పుస్తకమున చదివినదానికంటె ఎక్కువగా తెలిసికొందురు. అయితే దారిలో తిను పులిహోర మొదలు కప్పుకొను దుప్పటి వరకు సర్వమును ముందుగా యోచించు గృహస్థుడు, తాను బస చేయబోవు కట్టడము ఎవరి భూమిపై నున్నది, ఎవరి అనుమతితో నడచుచున్నది అని అడుగుట అరుదు. న్యాయదృష్టితో చూచినచో మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న అదియే.

మారేడుమిల్లి, రంపచోడవరము మొదలైనవి రాజ్యాంగము అయిదవ షెడ్యూలు వర్తించు ఏజెన్సీ ప్రాంతములు. అచ్చట 1959 నాటి భూబదలాయింపు నిబంధనయు, దానిని సవరించి 1970లో వచ్చి 1/70 అను పేర జనుల నోట నిలిచిన నిబంధనయు అమలులో నున్నవి. వీని ప్రకారము గిరిజనేతరునకు భూమి నమ్ముటయే కాదు, తనఖా పెట్టుటయు కౌలుకిచ్చుటయు సైతము చెల్లదు. ప్రభుత్వము కూడ ఈ కట్టుబాటునకు లోబడినదేయని 1997 జూలైలో సమతా కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కావున మైదానమునుండి వచ్చిన పెట్టుబడిదారుడు గిరిజన రైతు పేరిట పట్టా నుంచి, వెనుకనుండి తానే రిసార్టు నడుపుచున్నచో, ఆ వ్యాపారము న్యాయము నెదుట నిలువదు. అధికారులు వచ్చి దానికి తాళము వేసిననాడు మీ సొమ్మునకు జవాబుదారి ఎవరో తేలుట కష్టము. అంతకన్న బాధాకరమైనది, మీరిచ్చిన రూకలు ఒక కొండరెడ్డి గిరిజన కుటుంబమును దాని నేలనుండి వెడలగొట్టు ఏర్పాటునకు పోషకమగుట. స్థానిక గిరిజనులు తామే నడుపుకొను విడుదులను, అటవీశాఖ, పర్యాటక సంస్థల కుటీరములను ముందుగా విచారింపుడని నా సలహా.

అభయారణ్యములలోను జాతీయోద్యానములలోను నియమము మరింత కఠినము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అచ్చటి నివాసులు, విధినిర్వహణలోని ఉద్యోగులు, రాజమార్గమున పోవువారు మున్నగు కొందరు తప్ప తక్కినవారు అనుమతిపత్రము లేనిదే లోపల అడుగిడరాదు. పర్యాటకునకు ఆ పత్రము నిచ్చు అధికారమును 28వ సెక్షను కల్పించినది. లోపల వ్యాపారమునకై వసతిగృహము కట్టదలచినచో, అది ప్రభుత్వపుదైనను జాతీయ వన్యప్రాణి మండలి ఆమోదము ముందుగా నుండవలెను. కనుక పులులు తిరుగు అడవి నడుమ ఏకాంతమైన బసయని ఎవరైనను ప్రకటించినచో, అనుమతిపత్రము ప్రతిని చూపుమని అడుగుడు. చూప నిరాకరించువానికి సొమ్ము పంపకుడు.

ఈ ప్రశ్నలు అడుగు అధికారము సామాన్యునకు ఎక్కడిదని సందేహించువారు బియాస్ నది కథ వినవలెను. హిమాచల ప్రదేశమున కులూ మనాలీల నడుమ ఆ నది ఒడ్డున వెలసిన ఒక హోటలు, అటవీభూమిని ఆక్రమించి, పిమ్మట దానికి కౌలు సంపాదించి, వరద తన గోడలను తాకకుండుటకై నదీగమనమునే మళ్ళింపజూచెను. ఎం.సి. మెహతా కమల్‌నాథ్ వ్యాజ్యమున 1996 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆ కౌలును రద్దుచేసి, నదులు, అడవులు, గాలి ప్రజలందరి యనుభవమునకై యున్నవనియు, ప్రభుత్వము వానికి ధర్మకర్త మాత్రమేయనియు, చెడిన పరిసరమును పూర్వస్థితికి తెచ్చు వ్యయమును హోటలే భరింపవలెననియు ఆదేశించెను. మీరు దిగిన బస ఏటి ఒడ్డును ఆక్రమించి, మురుగును నీటిలోనికి వదలుచున్నచో, మీకు కలిగిన నష్టమేమియు లేదని ఊరకుండనక్కరలేదు. 2010 చట్టముచే ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునలు ఇట్టి విషయములను విచారించుటకే యున్నది.

ఇక పడవ. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద, గోదావరి పొంగి పారుచుండగా, పాపికొండల విహారమునకు బయలుదేరిన పడవ మునిగి పెక్కు కుటుంబములు ఆత్మీయులను పోగొట్టుకొనినవి. రిజిస్ట్రేషను, తనిఖీ ధ్రువపత్రము, మనిషికొక లైఫ్ జాకెట్టు, ఈ మూడింటిలో ఏది లేకున్నను టికెట్టు డబ్బు పోయినను సరే, పడవ ఎక్కకుడు.

చలిమంట విషయమున మాత్రము తప్పు తరచుగా మనదే. వెదురు పొదల క్రింద జానెడు మందమున పరచుకొనిన ఎండుటాకు ఒక్క నిప్పురవ్వతో రాజుకొనును; పైకి ఆరినట్లున్న బూడిద అడుగున నిప్పు తెల్లవారువరకు బ్రతికియుండును. అభయారణ్యమునకు ముప్పు కలుగునట్లు మంట వేయుటయు, ఆర్పక విడిచిపోవుటయు వన్యప్రాణి సంరక్షణ చట్టము 30వ సెక్షను నిషేధించినది. శిక్ష మూడేండ్ల వరకు కారాగారము, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. మంట వేయుటకు కాటేజీవారు కేటాయించిన చోటు లేనిచో వేయకుండుటయే మేలు.

సొమ్ము సంగతికి వత్తము. నేటి బుకింగులలో పెక్కు వాట్సాప్ మీదనే ముగియుచున్నవి: ఒక ఫోను నంబరు, రెండు అందమైన ఫొటోలు, క్రింద అడ్వాన్సు వాపసు లేదని ఒక వాక్యము. బస పేరు, చిరునామా, తేదీలు, గదుల సంఖ్య, రద్దు షరతులు గల రసీదును కోరి పుచ్చుకొనుడు. బిల్లు ఇయ్యకుండుట 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము అనుచిత వ్యాపారమే. వాపసు లేదను వాక్యము వ్రాసినంతమాత్రమున చట్టమైపోదు. వరద వచ్చి అధికారులు ప్రవేశమును నిలిపివేసి, ఒప్పందము నెరవేర్చుట అసాధ్యమైనచో, పొందిన సొమ్మును తిరిగి ఈయవలెనని 1872 నాటి కాంట్రాక్టు చట్టము 65వ సెక్షను చెప్పుచున్నది. మీరే మనసు మార్చుకొని మానినచో, వారికి కలిగిన సహేతుకమైన నష్టమును మినహాయించుకొనుట న్యాయము; మొత్తమును మ్రింగుట కాదు. చూపిన గది యొకటి, ఇచ్చినది వేరొకటియైనచో అది సేవాలోపము.

ఇట్టి అన్యాయము జరిగినప్పుడు మొదట జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరునకు ఫోను చేసి, ఫలితము లేనిచో జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయింపుడు. ఏజెన్సీలో జరిగిన అన్యాయమునకు విజయవాడ వాసి విజయవాడలోనే ఫిర్యాదు చేయవచ్చును, ప్లీడరు నుంచుకొని తీరవలెనను నియమము లేదు, చెల్లించినది అయిదు లక్షల లోపైనచో రుసుము లేదు, గడువు రెండేండ్లు. రసీదు, సొమ్ము పంపిన ఆధారము, సందేశములు, గదిలో దిగిన క్షణముననే తీసిన ఫొటోలు, మీరిచ్చిన నోటీసు ప్రతి, ఇవి ఫిర్యాదుతో జతపరుపవలెను.