పరిశోధకుడు – దఫ్తరు

పరిశోధన అనగానే మన మనస్సున గ్రంథాలయపు మూలలో ఒంటరిగా కూర్చుండి చదువుకొను పండితుని రూపము గోచరించును. ఆ రూపము అసత్యము కాదు, కాని అది సగము సత్యము మాత్రమే. విశ్వవిద్యాలయమున పరిశోధనకు మూడు ఆధారములు కావలెను. మొదటిది విషయము, రెండవది గురువు, మూడవది కార్యాలయము. మొదటి రెండింటిని గూర్చి మన పెద్దలు ఎంతయో చెప్పిరి. మూడవదానిని గూర్చి చెప్పువారు అరుదు. దరఖాస్తు చేయవలసిన తేదీ తెలియక, హాజరు ధ్రువీకరణ అందక, గడువు పొడిగించుకొను మార్గము ఎరుగక చదువు నడుమ నిలిచిపోవుటకు బుద్ధిమాంద్యము కారణము కాదు, సలహా లేమి కారణము. పట్నమున చదువుకున్న కుటుంబములలో ఈ సలహా ఇంటనే దొరకును. తరములో మొదటిసారి కళాశాల గడప తొక్కిన పల్లె విద్యార్థికి అది ఇంట దొరకదు. కావున ఈ వ్యాసమున మేము ఆ మూడవ ఆధారమును గూర్చి ముచ్చటింపదలచితిమి.

చరిత్ర నేర్పు పాఠము

పాలనా వ్యవస్థ తోడ్పడినచో విద్య ఎట్లు వికసించునో తెలుసుకొనుటకు మనము దూరము పోనక్కరలేదు. 1917లో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా వెలువడినది, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడినది. ఉన్నత విద్యకు ఉర్దూను బోధన భాషగా స్వీకరించుట ఆనాడు సాహసోపేతమైన నిర్ణయము. అయితే భౌతిక, రసాయన, చరిత్ర, న్యాయ శాస్త్రములకు ఉర్దూలో తగిన పాఠ్యగ్రంథములు లేవు. అధ్యాపకులు ఎవరికి వారు ప్రయత్నించినచో ఈ కొరత తీరెడిది కాదు. అందువలన విశ్వవిద్యాలయపు తరగతులు ఆరంభము కాకమునుపే, 1917లోనే, దారుల్ తర్జుమా అను అనువాద శాఖను నెలకొల్పిరి. దానికి తొలి అధిపతి మౌల్వీ అబ్దుల్ హఖ్. అనువాదకులకు జీతములు ఏర్పరచి, పారిభాషిక పదములను నిర్ణయించుటకు పండితుల సంఘములను కూర్చిరి. 1919లో తరగతులు మొదలగునప్పటికి ఆ కృషి సాగుచుండెను. హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమైన పిమ్మట బోధన భాష మారినది, ఆ శాఖయు అంతరించినది. కాని అది నేర్పిన పాఠము నేటికిని చెల్లును: పండితుని ప్రతిభకు ముందుగా ఎవరో ఒకరు బల్ల, కాగితము, జీతము, పదకోశము సమకూర్చవలెను. ఆ పనియే కార్యాలయము చేయు పని.

ఇబ్రహీంపూరును గూర్చి పరిశోధింప దలచినచో

ఒక ఉదాహరణము చూతము. సిద్దిపేట జిల్లాలోని ఇబ్రహీంపూరు 2016 డిసెంబరులో దేశమంతట వార్తలకెక్కినది. ఆ సంవత్సరము నవంబరు 8వ తేదీన పెద్ద నోట్ల రద్దు ప్రకటింపబడిన కొలది దినములలోనే, ఆంధ్రా బ్యాంకు సహకారముతో అది నగదు రహిత గ్రామముగా ప్రకటింపబడినది. గ్రామస్థులకు కార్డులు, దుకాణములకు స్వైప్ యంత్రములు ఇచ్చిరి. ఆ ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ఆ అలవాటు ఎంతవరకు నిలిచినది, వృద్ధులు, కూలీలు, స్త్రీలు దానిని ఎట్లు స్వీకరించిరి అనునది పిహెచ్.డి.కి తగిన ప్రశ్న.

విద్యార్థి ఉత్సాహముతో గ్రామమునకు పోయెననుకొందము. అతని దారిలో ఎదురగునవి దఫ్తరులే. ఖాతాల సంఖ్య కావలెనన్న బ్యాంకు అధికారి విశ్వవిద్యాలయపు లేఖ అడుగును. ప్రజలను ప్రశ్నించుటకు ముందు వారి సమ్మతి తీసుకొను పద్ధతిని నైతిక సమితి పరిశీలింపవలసి యుండును. సిద్దిపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. అంతకు ముందు ఈ ప్రాంతము మెదక్ జిల్లాలోనిది, ఆ జిల్లా కేంద్రము సంగారెడ్డి. కనుక 2011 జనాభా లెక్కలలో ఈ గ్రామమును మెదక్ జిల్లా క్రింద వెదకవలెను. పాత దస్తావేజులకై సంగారెడ్డికి పోవలసి రావచ్చును.

భూమి విషయము తడిమినచో ఇంకను వెనుకకు పోవలెను. 1954-55 నాటి ఖాస్రా పహాణీ తెలంగాణ గ్రామముల భూ చరిత్రకు ముఖ్యమైన ఆధారము. అంతకు పూర్వపు సేత్వారు మొదలగు రికార్డులు ఉర్దూలో నుండును. సంస్థానమున 1880 ప్రాంతమున పాలనా భాషగా ఫారసీ స్థానమున ఉర్దూ వచ్చినది. అంతకు పూర్వపు పత్రములు ఫారసీలో, అందును తరచుగా షికస్తా అను గొలుసుకట్టు వ్రాతలో నుండును. వానిపై తేదీలు ఫసలీ సంవత్సరములలో నుండును. ఫసలీకి ఇంచుమించు 590 కలిపినచో క్రీస్తు శకము వచ్చును, అనగా 1358 ఫసలీ 1948-49 అగును. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ కార్యాలయమున మొగలుల కాలము నుండి వచ్చిన పత్రములు భద్రముగా నున్నవి. అచ్చటను ప్రవేశమునకు పరిచయ లేఖ కావలెను.

ఇచ్చట మన విద్యార్థులకు ఒక విశేషమైన కలిమి కలదు. తెలుగువాడు దినము పలుకు దరఖాస్తు, మంజూరు, రసీదు, హాజరు, దాఖలు, జిల్లా అను మాటలన్నియు ఆ పాత దఫ్తరుల నుండి వచ్చినవే. తెలుగు మాత్రమే వచ్చినవానికి ఆ పత్రము మూగది. ఉర్దూ మాత్రమే వచ్చినవానికి నేటి గ్రామస్థుని మాట అందదు. రెండును వచ్చినవాడు ఇబ్రహీంపూరు తాతను, అతని తాత పొలము పత్రమును ఒకే దినమున ప్రశ్నింపగలడు. గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు తెలుగుతోపాటు ఉర్దూ, ఫారసీలు ఎరిగినవారు. వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రము ఇట్టి బహుభాషా పాండిత్యము పరిశోధనకు ఎంత బలమో చాటుచున్నది.

తెలియవలసిన నియమములు

విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., 2022 నవంబరులో పిహెచ్.డి. నియమావళిని సవరించినది. అందలి ముఖ్యాంశములను విద్యార్థులు కంఠస్థము చేయుట మంచిది.

మొదటిది కాలము. కోర్సు వర్కుతో కూడి పరిశోధన కనీసము 3 సంవత్సరములు, గరిష్ఠము 6 సంవత్సరములు. పునర్నమోదు ద్వారా మరి 2 సంవత్సరములు పొందవచ్చును. స్త్రీలకును, 40 శాతమునకు మించిన వైకల్యము గలవారికిని ఇంకను 2 సంవత్సరముల సడలింపు కలదు. స్త్రీలు ప్రసూతి, శిశుపోషణ నిమిత్తము 240 దినముల వరకు సెలవు పొందవచ్చును. వివాహాది కారణములచే ఊరు మారవలసివచ్చిన స్త్రీ తన పరిశోధనను మరియొక విశ్వవిద్యాలయమునకు మార్చుకొను అవకాశము కూడ కలదు. పెండ్లితో చదువు ముగిసినదని తలంచు ఇండ్లలో ఈ ఒక్క నియమమును చదివి వినిపించుట పుణ్యకార్యము.

రెండవది గురువు. ఒక ప్రొఫెసరు 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసరు 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసరు 4 మందికి మించి పరిశోధకులను చేర్చుకొనరాదు. కావున ప్రవేశ ప్రకటనకు ముందే ఏ గురువు వద్ద ఖాళీ కలదో విచారించుకొనవలెను.

మూడవది పరిశోధన సలహా సంఘము. ప్రతి సెమిస్టరునందు విద్యార్థి ఈ సంఘము ఎదుట తన ప్రగతిని వివరింపవలెను. దీనిని పరీక్షగా భావించి భయపడువారు కలరు. నిజమునకు ఇది రక్షణ కవచము. ఏటేట వ్రాతపూర్వకముగా నిలిచిన ప్రగతి నివేదిక రేపు గురువు మారినను, పదవీ విరమణ చేసినను విద్యార్థి పక్షమున సాక్ష్యము పలుకును.

నాల్గవది ముగింపు. సిద్ధాంత గ్రంథము సమర్పించిన 6 మాసములలోపల పరీక్షకుల అభిప్రాయములు, మౌఖిక పరీక్ష పూర్తి కావలెను. ఆలస్యమైనచో మర్యాదగా వ్రాతపూర్వకముగా అడుగు హక్కు విద్యార్థికి కలదు. 2023 నాటి ఫిర్యాదుల పరిష్కార నియమావళి ననుసరించి ప్రతి సంస్థయందును ఒక సంఘము, దానిపై ఒక అంబుడ్స్‌పర్సన్ ఉండవలెను.

ధనసహాయము

ఆకలితో పరిశోధన సాగదు. నెట్ పరీక్షలో జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ పొందినవారికి 2023 జనవరి నుండి మొదటి రెండు సంవత్సరములు నెలకు 37,000 రూపాయలు, పిమ్మట 42,000 రూపాయలు నిర్ణయించిరి. అయితే విశ్వవిద్యాలయ కార్యాలయము విద్యార్థి పనిని ధ్రువీకరించి పంపినప్పుడే ఆ ధనము చేతికి అందును. ఒక్క గుమాస్తా ఒక్క నెల మరచినను ఒక ఇంట పొయ్యి వెలుగుట కష్టమగును. కార్యాలయపు పని ఎంత పవిత్రమైనదో దీనివలన తెలియుచున్నది.

అల్పసంఖ్యాక వర్గముల పరిశోధకులకై 2009-10లో ప్రారంభమైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ 2022-23 నుండి క్రొత్తవారికి నిలిపివేయబడినది. పాత కరపత్రములు చూచి దానిపై ఆశ పెట్టుకొనువారికి ఈ సంగతి ముందే చెప్పవలెను. మరియొక దారి చూపక తలుపు మూసినదని మాత్రము చెప్పుట సలహా అనిపించుకొనదు. నెట్ పరీక్షకు డిగ్రీ నాటినుండియే సిద్ధము కమ్మని చెప్పవలెను. 2024 నుండి నెట్ ఫలితమే పిహెచ్.డి. ప్రవేశమునకును ఉపకరించుచున్నది గనుక ఆ శ్రమ రెండు విధముల ఫలించును.

గ్రంథచౌర్యము

2018 నాటి యు.జి.సి. నియమముల ప్రకారము సిద్ధాంత గ్రంథమున ఇతరుల వ్రాతతో పోలిక 10 శాతము లోపల నున్నచో శిక్ష లేదు. 10 నుండి 40 శాతము వరకున్నచో 6 మాసములలో సరిదిద్ది సమర్పింపవలెను. 40 నుండి 60 వరకున్నచో ఒక సంవత్సరము సమర్పింపరాదు. 60 దాటినచో నమోదే రద్దగును. యంత్రము కొలుచునది ఒకే భాషలోని పోలికను. ఉర్దూ గ్రంథమునుండి ఒక పుట తెలుగులోనికి మార్చి తన పేర వ్రాసికొన్నవానిని యంత్రము పట్టజాలకపోవచ్చును. కాని అదియు చౌర్యమే. రెండు భాషలు వచ్చినవానికి రెండింతల నిజాయితీ కావలెను. ఇప్పటికే జరిగిన పరిశోధనలను తెలుసుకొనుటకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధగంగలో దేశములోని సిద్ధాంత గ్రంథములను ఉచితముగా చదువవచ్చును.

మన కళాశాల చేయవలసినది

కళాశాల సంఘము పెద్దలకు మా మనవి నాలుగు మాటలలో చెప్పెదము. వీనికి భవనములు, లక్షల నిధులు అక్కరలేదు. ఒక అధ్యాపకునికి పరిశోధన సలహా బాధ్యత అప్పగించి వారమునకు ఒక సాయంకాలము కేటాయింపవలెను. నెట్, ప్రవేశ ప్రకటనలు, ఫెలోషిప్‌ల తేదీలను తెలుగు, ఉర్దూ రెండు లిపులలోను గోడపై వ్రాయించవలెను. పూర్వ విద్యార్థి బోనఫైడ్, పరిచయ లేఖల కొరకు వచ్చినచో మూడు దినములలో ఇప్పించి, ఎన్నడు అడిగెను, ఎన్నడు ఇచ్చితిమి అని ఒక రిజిస్టరున వ్రాయించవలెను. తెలుగు విద్యార్థులకు ఉర్దూ లిపిని, ఉర్దూ విద్యార్థులకు తెలుగు పత్ర రచనను నేర్పు చిన్న తరగతి నడిపించవలెను. పాత పహాణీ నకలు ఒకటి ముందుంచి రెండు వర్గముల పిల్లలు కలిసి చదివినచో దానికి మించిన పరిశోధన పాఠము వేరొకటి లేదు.

విద్యార్థులారా! మీరును ఒక నియమము పాటింపుడు. ఇచ్చిన ప్రతి దరఖాస్తుకు రసీదు పుచ్చుకొనుడు, ప్రతి లేఖకు నకలు దాచుకొనుడు, ప్రతి గడువును వ్రాసికొనుడు. కార్యాలయపు గుమాస్తాను పేరు పెట్టి గౌరవముగా పలుకరింపుడు, అతడును మీ పరిశోధనలో భాగస్వామియే. సందేహము కలిగినప్పుడు అడుగుటకు సిగ్గుపడకుడు. అడుగుటయే గదా పరిశోధనకు తొలి మెట్టు!